పత్తికొండ మన్రో వెనక గ్లాస్గో దర్జీ: స్కాట్లాండ్ పాత రికార్డుల్లో ఒక ఇంటిపేరుని ఎలా వెతకాలి

రాయలసీమలో మన్రో ఎవరో ఎవరికీ చెప్పక్కర్లేదు. 1800 నుంచి 1807 దాకా దత్తమండలాలకి ప్రిన్సిపల్ కలెక్టర్‌గా ఉండి రైతువారీ పద్ధతిని నిలబెట్టిన మనిషి, తర్వాత మద్రాసు గవర్నర్ అయ్యాడు, ఆ పదవిలో ఉండగానే మళ్లీ ఈ జిల్లాల పర్యటనకి వచ్చి 1827 జులై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. ఇక్కడ పిల్లలకి మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నవాళ్లున్నారు, మంత్రాలయం రాఘవేంద్రస్వామి కథల్లో కూడా ఆయన కనిపిస్తాడు. అయితే ఆయన వెనకున్న ఇంటి సంగతి మన దగ్గర పెద్దగా ఎవరూ మాట్లాడరు. 1761 మే 27న గ్లాస్గోలో పుట్టాడు, నాన్న అలెగ్జాండర్ మన్రో అమెరికాలోని వర్జీనియాతో పొగాకు వ్యాపారం చేసేవాడు, అమ్మ మార్గరెట్ స్టార్క్, తాత దర్జీ, బట్టలు కుట్టుకుంటూనే అమెరికా పొగాకులో డబ్బు పెట్టి పైకొచ్చాడని జీవితచరిత్రలు చెప్తాయి. దర్జీ, వ్యాపారి, గవర్నర్, మూడే తరాలు. మరి ఆ దర్జీకి ముందు ఎవరు, ఎక్కడివాళ్లు అని అడిగితే ఎక్కడ వెతకాలి అన్నదే ఇక్కడ విషయం, మన్రోలకే కాదు ఏ స్కాటిష్ ఇంటిపేరుకైనా ఇదే దారి.

ఎవరైనా ముందు చేసేది ఏంటంటే వెబ్‌సైట్‌లో ఇంటిపేరు కొట్టి వచ్చిన లిస్టు చూసుకోవడం. మన్రో అని కొడితే వెంటనే ఒక క్లాన్, అంటే ఒకే ఇంటిపేరుతో పిలుచుకునే పెద్ద వంశం వస్తుంది, ఉత్తరాన క్రొమార్టీ ఫర్త్ అనే సముద్రపు పాయ ఒడ్డున ఫౌలిస్ కోట, వాళ్ల టార్టాన్ అనే గళ్ల గుడ్డ, వాళ్ల గుర్తు, చదువుతుంటే భలే ఉంటుంది, ఓహో మన మన్రో పూర్వీకులు ఈ కోటవాళ్లే అనిపిస్తుంది. ఇక్కడే ఆగాలి. హైలాండ్స్‌లో, అంటే ఉత్తర స్కాట్లాండ్ కొండసీమలో, చాలామంది మామూలు జనానికి మనం ఇప్పుడు అనుకునే లాంటి స్థిరమైన ఇంటిపేరు 1700ల దాకా లేదు, నాన్న పేరు తాత పేరు కలిపి పిలుచుకునేవాళ్లు, కౌలుకి చేసుకునే భూమి ఎవరిదైతే ఆ పెద్ద పేరు పెట్టుకున్న కుటుంబాలు కూడా బోలెడు. కాబట్టి ఒకే ఇంటిపేరు ఉంటే ఒకే రక్తం అని చెప్పడానికి లేదు. ఇంకో పక్క చూస్తే మన మన్రో నాన్న పేరు అలెగ్జాండర్ మన్రో, ఆయన కాలంలోనే ఎడిన్‌బరో యూనివర్సిటీలో అనాటమీ ప్రొఫెసర్ పేరు కూడా అలెగ్జాండర్ మన్రో, ఆయన కొడుకు అలెగ్జాండర్ మన్రో, మనవడు కూడా అలెగ్జాండర్ మన్రోనే, 1720 నుంచి 1846 దాకా ఆ ఒక్క కుర్చీలో వరసగా ఈ ముగ్గురే కూర్చున్నారు, వీళ్లకి గ్లాస్గో పొగాకు మన్రోతో ఏ సంబంధం ఉన్నట్టు అనుకోవడానికీ పేరు తప్ప ఆధారం లేదు. వర్జీనియాలో చూస్తే 1600ల మధ్యలో స్కాట్లాండ్ నుంచి వెళ్లిన ఇంకో ఆండ్రూ మన్రో వంశం ఉంది, అమెరికా ప్రెసిడెంట్ జేమ్స్ మన్రో ఆ వంశంలోనివాడే. గ్లాస్గో మన్రోలు వ్యాపారం చేసింది వర్జీనియాతో, అక్కడేమో వేరే మన్రోలు. పేరొక్కటే చూసుకుని పోయినవాళ్లు ఈ రెండింటినీ కలిపేయడం చాలా తేలిక.

స్పెల్లింగ్ గొడవ దీనికి తోడు. దీనికి అందరికీ తెలిసిన ఇంటినే చూద్దాం, రాబర్ట్ బర్న్స్. స్కాట్లాండ్ జాతీయ కవి నాన్న విలియం తన ఇంటిపేరుని బర్నెస్ (Burnes) అని రాసుకునేవాడు, తోటమాలి పని చేసుకుంటూ ఈశాన్యం నుంచి ఎడిన్‌బరోకి, అక్కడినుంచి ఏర్‌షైర్‌కి వచ్చిన మనిషి. 1759లో రాబర్ట్ పుడితే చర్చి పుస్తకంలో గుమాస్తా ఆ పేరుని బర్న్స్ (Burns) అనే రాసేశాడు, నాన్న ఎలా రాసుకుంటాడో అడిగే అలవాటు అప్పట్లో లేదు, చెవికి ఎలా వినబడితే అలా రాసేవాళ్లు. తర్వాత 1786లో రాబర్ట్, తమ్ముడు గిల్బర్ట్ ఇద్దరూ తామే బర్న్స్ అని మార్చుకున్నారు. అయితే మాంట్రోజ్‌లో ఉన్న వాళ్ల పెద్దనాన్న వైపు వాళ్లు పాత స్పెల్లింగే ఉంచుకున్నారు, ఆ శాఖలో పుట్టి ఇండియాకి వచ్చి 1841లో కాబూల్‌లో హతమైన అలెగ్జాండర్ బర్న్స్ (Burnes) పేరు ఇప్పటికీ పాత అక్షరాలతోనే రాస్తారు. రెండు తరాల్లో ఒకే ఇల్లు రెండు పేర్లయింది. మన్రో కూడా అంతే, నాలుగైదు రకాలుగా రాసి ఉంటుంది. అందుకని వెతికేటప్పుడు అక్షరాలు పక్కనపెట్టి శబ్దం పట్టుకోవాలి, 1500లు 1600ల్లో అయితే అసలు ఆ చేతిరాత చదవడమే వేరే చదువు.

పేరు అసలు నేరమైపోయిన ఇల్లు కూడా ఉంది, మెక్‌గ్రెగర్లు. 1603లో గ్లెన్ ఫ్రూయిన్ దగ్గర కొల్హూన్ వంశం వాళ్లని ఊచకోత కోశారని ఆ ఏడాది ఏప్రిల్ 3న రాజు సలహా మండలి అయిన ప్రీవీ కౌన్సిల్ మెక్‌గ్రెగర్ అనే ఇంటిపేరునే నిషేధించింది, ఆ పేరు పెట్టుకుంటే ప్రాణం మీదికి వచ్చే పరిస్థితి. వాళ్లు ఏం చేస్తారు, క్యాంప్‌బెల్ అని డ్రమండ్ అని గ్రేమ్ అని స్టూవర్ట్ అని ఎవరి దగ్గర తలదాచుకుంటే వాళ్ల పేరు పెట్టేసుకున్నారు. 1661లో నిషేధం తీసేశారు, 1693లో మళ్లీ పెట్టారు, 1774లో గానీ పూర్తిగా పోలేదు. స్కాట్లాండ్ కథల్లో పేరుమోసిన రాబ్ రాయ్ మెక్‌గ్రెగర్ అంతటివాడు తల్లి ఇంటిపేరైన క్యాంప్‌బెల్‌తో సంతకం పెట్టాడు. అంటే 1600ల్లో కనిపించే ఒక డ్రమండ్ నిజంగా డ్రమండేనో కాదో పేరు చూసి ఎవరూ చెప్పలేరు.

మరి దేన్ని పట్టుకోవాలి? హక్కుని పట్టుకోవాలి. పాత స్కాట్లాండ్‌లో గుమాస్తా కలం పట్టుకునేది ఎవరో ఒకరు ఏదో ఒకటి క్లెయిమ్ చేసినప్పుడే, నాకు ఈ ఊళ్లో షాపు పెట్టుకునే హక్కుంది, ఈ పొలం నాది, ఈయన నాకు బాకీ, ఈ చనిపోయినాయన ఆస్తిలో నాకు వాటా ఉంది అని. ఆ క్లెయిమ్ నిలబడాలంటే నేను ఫలానా వాళ్ల కొడుకుని, ఫలానా వాళ్ల అల్లుడిని అని చెప్పుకుని తీరాలి, చుట్టరికం కాగితం మీదికి ఎక్కేది అక్కడే. వంశవృక్షం కోసం ఎవరూ ఏదీ రాయలేదు, డబ్బు కోసం రాశారు.

ఊరి వ్యాపారంతో మొదలుపెడదాం, ఎందుకంటే మన దర్జీ మన్రో దొరికే చోటు అదే. గ్లాస్గో, ఎడిన్‌బరో, అబర్డీన్, డండీ, పెర్త్ లాంటి, రాజు హక్కు పత్రం ఇచ్చిన పట్టణాల్లో ఎవరు పడితే వాళ్లు కొట్టు పెట్టడానికి, చేతిపని చేయడానికి లేదు, ముందు బర్జెస్ అవ్వాలి, అంటే ఆ పట్టణంలో వ్యాపార హక్కున్న పౌరుడు. బర్జెస్ అవ్వడానికి దారులు కొన్నే, నాన్న బర్జెస్ అయి ఉండాలి, లేదా బర్జెస్ కూతుర్ని పెళ్లి చేసుకోవాలి, లేదా బర్జెస్ దగ్గర అప్రెంటిస్‌గా ఏళ్లు పూర్తి చేయాలి, ఇవేవీ లేకపోతే పూర్తి ఫీజు కట్టి కొనుక్కోవాలి, అప్పుడప్పుడు పెద్దమనుషులకి గౌరవంగా ఇచ్చేవాళ్లు. కొడుక్కీ అల్లుడికీ ఫీజు బాగా తక్కువ. ఫీజు తగ్గించాలంటే కారణం రాయాలి కాబట్టి గుమాస్తా రిజిస్టర్‌లో ఫలానా దర్జీ, ఫలానా దర్జీకి పెద్ద కొడుకుగా అనో, ఫలానా వాడి కూతుర్ని పెళ్లాడినందుకు అనో ఒక్క లైన్ రాసిపెట్టేవాడు. ఆ ఒక్క లైన్‌లో రెండు తరాలు, ఒక్కోసారి రెండు కుటుంబాలు. చర్చి పుస్తకంలో ఒక పేజీ చిరిగిపోయినా ఈ లైన్ ఉంటే చాలు. గ్లాస్గో బర్జెస్‌ల లిస్టు 1573 నుంచి 1750 దాకా ఒక సంపుటం, 1751 నుంచి 1846 దాకా ఇంకోటి స్కాటిష్ రికార్డ్ సొసైటీ అచ్చు వేసింది, ఎడిన్‌బరోకి కూడా ఉన్నాయి. అచ్చు పుస్తకాలు కాబట్టి పాత చేతిరాతతో పోరాడక్కర్లేదు, కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఇంతకన్నా మంచి చోటు లేదని నా ఉద్దేశం.

ఇక్కడ గమనించాల్సింది ఇంకోటి ఉంది, కొడుకు బర్జెస్ అయిన తేదీ వాడి వయసు చెప్పదు. నాన్న చనిపోయిన చాలా ఏళ్లకి, సొంత కొట్టు పెట్టుకునే అవసరం వచ్చినప్పుడు గానీ వచ్చి నమోదు చేసుకోనివాళ్లు ఉంటారు, అల్లుడి హక్కు అయితే మామ ఎప్పుడో పోయినా పనికొస్తుంది. ఆ తేదీని పట్టుకుని పుట్టిన సంవత్సరం లెక్కేస్తే తప్పు మనిషి దగ్గరికి వెళ్లిపోతాం.

గ్లాస్గోలో 1605లో వ్యాపారులకీ చేతిపనివాళ్లకీ మధ్య ఉన్న పాత గొడవ తీర్చడానికి లెటర్ ఆఫ్ గిల్డ్రీ అని ఒక ఒప్పందం రాసుకున్నారు, దాంతో వ్యాపారుల వైపు మర్చంట్స్ హౌస్, చేతిపనివాళ్ల వైపు ట్రేడ్స్ హౌస్ నిలబడ్డాయి. ట్రేడ్స్ హౌస్ కింద పద్నాలుగు ఇన్‌కార్పొరేషన్లు, అంటే ఒక్కో పనివాళ్లకి ఒక్కో సంఘం, కమ్మరి పనివాళ్లు, దర్జీలు, చెప్పులు కుట్టేవాళ్లు, నేతవాళ్లు, రొట్టెలవాళ్లు, తోళ్లవాళ్లు, వడ్రంగులు, పీపాలు చేసేవాళ్లు, మాంసం కొట్టేవాళ్లు, తాపీ మేస్త్రీలు, తోటమాలులు, మంగళ్లు ఇలా. ప్రతి దానికీ ఒక పెద్ద ఉంటాడు, డీకన్ అంటారు, సభ్యుల లిస్టు, మీటింగ్ మినిట్స్, ఎవరు ఏ అప్రెంటిస్‌ని పెట్టుకున్నారో రాసిన బుక్కు, సభ్యుడు పోతే భార్యకి ఇచ్చే పెన్షన్ లెక్కలు. దర్జీ మన్రోని దర్జీల ఇన్‌కార్పొరేషన్ పుస్తకాల్లో వెతకాలి, కొడుకు అలెగ్జాండర్ వ్యాపారి కాబట్టి వ్యాపారుల వైపు వెతకాలి. చేతిపని వైపు నుంచి వ్యాపారి వైపుకి ఒక ఇల్లు దాటడం అంటే అప్పట్లో పెద్ద విషయం, ఇంటిపేరు ఒకటే ఉన్నా ఆ తండ్రీకొడుకులు వేరే వేరే పుస్తకాల్లో ఉంటారు, ఒక్క పుస్తకమే చూసి లేరు అనుకుని వదిలేసేవాళ్లు ఎక్కువ. అప్రెంటిస్‌ల సంగతికి వస్తే 1710లో బ్రిటన్ అంతా అప్రెంటిస్ ఫీజు మీద స్టాంప్ డ్యూటీ పెట్టారు, స్కాట్లాండ్ కూడా అందులోనే, ఆ టాక్స్ పుస్తకాలు 1811 దాకా ఉన్నాయి, గురువు పేరు, పని, కుర్రాడి పేరు ఉంటాయి, మొదటి నలభై ఏళ్లలో కుర్రాడి తండ్రి పేరు కూడా రాసేవాళ్లు. ఒక కుర్రాడు ఉత్తరం నుంచి గ్లాస్గోకి పని నేర్చుకోవడానికి వస్తే, వాడి తండ్రి ఏ ఊరివాడో తెలిసే అవకాశం ఇలాంటి కాగితాల్లోనే ఎక్కువ. 1846లో పార్లమెంటు ఈ ప్రత్యేక హక్కులు తీసేసింది కాబట్టి ఆ తర్వాత బర్జెస్ లిస్టుకి అంత విలువ లేదు. కూలివాళ్లు, పనమ్మాయిలు, పల్లెటూరి కౌలు రైతులు ఇందులో ఉండరు, అది మాత్రం మర్చిపోకూడదు, ఈ పుస్తకాల్లో ఉన్నది ఊళ్లో కొంత నిలదొక్కుకున్న జనం.

ఇప్పుడు కోర్టు వైపు. అలెగ్జాండర్ మన్రో వ్యాపారం అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో దెబ్బతినిపోయింది, అందుకే కొడుకు కంపెనీ సైన్యంలో కేడెట్‌గా చేరి 1780లో మద్రాసులో దిగాల్సి వచ్చింది, అంటే మన రాయలసీమ చరిత్రలో ఒక ముక్క గ్లాస్గో అప్పుల పుస్తకాల్లో మొదలైంది. గ్లాస్గో వాళ్లు వర్జీనియాలో స్టోర్లు పెట్టి రైతులకి సరుకులు అప్పు ఇచ్చి పొగాకు పంటతో వసూలు చేసేవాళ్లు, యుద్ధం రాగానే ఆ అప్పులన్నీ అక్కడే ఇరుక్కుపోయాయి. బ్రిటన్‌కీ అమెరికాకీ మధ్య 1783లో కుదిరిన శాంతి ఒప్పందంలో బాకీలు వసూలు చేసుకోవచ్చని రాసినా జరగలేదు, 1794 జే ఒప్పందంలో మళ్లీ కమిషన్ పెట్టారు, చివరికి 1802లో అమెరికా ఆరు లక్షల పౌండ్లు కట్టి ముగించుకుంది. ఈ ఇరవై ఏళ్లలో బాకీల కోసం వ్యాపారులు, వాళ్లు పోతే వాళ్ల వారసులు పెట్టుకున్న అర్జీల కట్టలు లండన్‌లో నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, ఎవరు ఎవరికి పార్ట్‌నర్, ఎవరు ఎవరి వారసుడు అన్నది అందులో రాసి ఉంటుంది. ఇండియాలో ఉన్న కొడుకు డబ్బు పంపితే అక్కడ ఇల్లు గడిచిన కుటుంబాలు ఆ రోజుల్లో స్కాట్లాండ్‌లో తక్కువేం కాదు.

వ్యాపారం పడిపోతే కేసు ఎడిన్‌బరోలో కోర్ట్ ఆఫ్ సెషన్‌కి వెళ్తుంది, 1532లో పెట్టిన సివిల్ కోర్టు అది. ఈ కోర్టు కట్టల గురించి నాకు చాలా ఇష్టంగా అనిపించేది ఏంటంటే, సాక్ష్యంగా దాఖలు చేసిన ఉత్తరాలు, అకౌంట్ బుక్కులు, రసీదులు చాలాసార్లు తిరిగి ఇవ్వలేదు, అక్కడే ఉండిపోయాయి, ఇంట్లో అయితే ఎప్పుడో పొయ్యిలో పడిపోయేవి. మామూలు రైతు కూడా ఇందులో దొరుకుతాడు. బర్న్స్ నాన్న విలియం సంగతే చూడండి, 1777 నుంచి లాక్లీ అనే 130 ఎకరాల పొలం ఎకరానికి ఇరవై షిల్లింగుల కౌలు మీద ఏర్ పట్టణం వ్యాపారి డేవిడ్ మెక్లూర్ దగ్గర తీసుకున్నాడు, రాతపూర్వకమైన కౌలు పత్రం లేదు, లెక్కల దగ్గర తేడా వచ్చింది, 1783లో మెక్లూర్ స్థానికంగా ఉండే షరీఫ్ కోర్టుకెళ్లి పొలం మీది పంట, పశువులు జప్తు చేయించాడు, విలియం కోర్ట్ ఆఫ్ సెషన్ దాకా పోరాడి 1784 జనవరిలో గెలిచాడు, ఫిబ్రవరి 13న చనిపోయాడు. ఏ భూమీ సొంతంగా లేని ఒక కౌలు రైతు గురించి ఇంత తెలిసిందంటే ఆ కేసు వల్లే. బాకీ కట్టనివాళ్ల పేర్లకి ఇంకో రిజిస్టర్ ఉంది, హార్నింగ్ అంటారు, ఊరి సంతలో ఉండే స్తంభం, మార్కెట్ క్రాస్, దగ్గర మూడుసార్లు కొమ్ము ఊది ఈయన రాజు మాట వినని తిరుగుబాటుదారు అని చాటేవాళ్లు, అదంతా నమోదయ్యేది.

కేసు లేకపోయినా కాగితాలు దాచుకునే చోటు రిజిస్టర్ ఆఫ్ డీడ్స్, 1554 నుంచి ఉంది. అప్పు పత్రాలు, పార్ట్‌నర్‌షిప్ అగ్రిమెంట్లు, అప్రెంటిస్ ఒప్పందాలు, అన్నిటికన్నా విలువైనవి పెళ్లి ఒప్పందాలు. పెళ్లికి ముందు కట్నం ఎంత, భర్త పోతే ఆమెకి ఏడాదికి ఎంత, పిల్లలకి ఎంత అని రాసుకునేవాళ్లు, అందులో పెళ్లికూతురి నాన్న, అన్నదమ్ములు, మేనమామలు హామీగా సంతకాలు పెట్టేవాళ్లు. ఒక కిటుకు ఉంది, పత్రం రాసిన ఏడాది వేరు రిజిస్టర్ చేసిన ఏడాది వేరు. పెళ్లప్పుడు రాసుకుని బీరువాలో పెట్టి, ముప్పై ఏళ్ల తర్వాత తగాదా వచ్చినప్పుడో ఆయన పోయినప్పుడో తీసుకొచ్చి రిజిస్టర్ చేయించినవి చాలా ఉంటాయి, కాబట్టి పెళ్లి ఏడాది దగ్గర వెతికి దొరకలేదని వదిలేయకూడదు, చావు ఏడాది దగ్గర కూడా చూడాలి. 1661 నుంచి 1811 దాకా ఈ రిజిస్టర్ మూడు ఆఫీసుల్లో మూడు వరసలుగా నడిచింది, ఆ ఆఫీసుల పేర్లు డాల్రింపుల్, డ్యూరీ, మెకంజీ, మూడూ చూడాల్సిందే. సాక్షులని కూడా వదలొద్దు, 1681 చట్టం తర్వాత సాక్షి ఎవరో ఏం పని చేస్తాడో పత్రంలో రాయాల్సిందే, చాలాసార్లు ఆ సాక్షి బావమరిదో తమ్ముడి కొడుకో అయి ఉంటాడు.

చావు కాగితాల దగ్గర మన వాళ్లకి అలవాటు లేని లెక్క ఒకటి ఉంది. స్కాట్స్ చట్టంలో కదిలే ఆస్తి వేరు, భూమి ఇల్లు వేరు. కదిలే ఆస్తి, అంటే డబ్బు, సరుకు, పశువులు, రావాల్సిన బాకీలు, వీటికి చనిపోయినవాళ్ల ఆస్తి వ్యవహారాలు చూసే కమిసరీ కోర్టులో టెస్టమెంట్ అనే పత్రం నమోదు చేయించేవాళ్లు, 1500ల మొదటి నుంచి ఉన్నాయి, 1820ల నుంచి ఆ పని షరీఫ్ కోర్టులకి వెళ్లింది. అందులో భార్యకి మూడో వంతు, పిల్లలకి మూడో వంతు, మిగిలిన మూడో వంతే ఆయన ఇష్టం. దర్జీ టెస్టమెంట్ అయితే ఏ గుడ్డ ఎన్ని గజాలు మిగిలింది, ఎవరెవరు కుట్టుకూలి బాకీ ఉన్నారు అన్నదాకా ఉండొచ్చు, ఆ బాకీల లిస్టే ఆయన చుట్టూ ఉన్న ఊరు. భూమి మాత్రం 1868 దాకా విల్లులో రాసి ఇవ్వడానికి లేదు, విల్లు లేకుండా పోతే భూమంతా పెద్ద కొడుక్కే, ఈ పద్ధతి 1964 దాకా నడిచింది. దీని వల్ల టెస్టమెంట్‌లో పెద్ద కొడుకు పేరు అసలు లేకపోవచ్చు, భూమి తీసుకున్నవాడికి కదిలే ఆస్తిలో మామూలుగా వాటా ఉండదు కాబట్టి. చిన్న కొడుకులని చూసి ఇంతే పిల్లలు అనుకుంటే కుటుంబంలో ముఖ్యమైన మనిషే తప్పిపోతాడు. ఆయన కోసం వేరే చోట, సర్వీసెస్ ఆఫ్ హెయిర్స్‌లో చూడాలి, నేను వారసుణ్ణని ఊరి పెద్దలైన జ్యూరీ ముందు రుజువు చేసుకుంటే ఆ తీర్పు ఛాన్సరీకి, అంటే రాజు పత్రాలు చూసే ఆఫీసుకి, వెళ్లేది, 1847 దాకా, మధ్యలో 1650ల్లో క్రామ్‌వెల్ పాలన రోజులు తప్పిస్తే, అంతా లాటిన్‌లోనే. మనవడు తాతకి వారసుడిగా వచ్చినప్పుడు మూడు తరాలు ఒకేసారి దొరుకుతాయి. ఆ లాటిన్‌లో మనవడికి వాడిన మాటే మేనల్లుడికి కూడా వాడేవాళ్లు, ఇంకో కాగితంతో పోల్చుకోకుండా తరం ఖాయం చేయకూడదు.

భూమి లావాదేవీలకి 1617 నుంచి రిజిస్టర్ ఆఫ్ సేసిన్స్ ఉంది. మన దగ్గర సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ తీస్తే ఒక సర్వే నంబర్ చేతులు మారిన కథంతా ఎలా వస్తుందో ఇదీ అలాంటిదే, కాకపోతే ఇది నాలుగు వందల ఏళ్ల నాటి నుంచి ఉంది. భూమి అమ్మితే ఆ పొలంలోనే నిలబడి నోటరీ ముందు, సాక్షుల ముందు మట్టీ రాయీ తీసి చేతిలో పెట్టాలి, ఆ తర్వాత 60 రోజుల్లో రిజిస్టర్ చేయించాలి, మట్టి చేతిలో పెట్టే పద్ధతి 1845లో గానీ పోలేదు. 1781 నుంచి వీటికి ఇంగ్లీషులో చిన్న సారాంశాలు అచ్చయ్యాయి, పేర్ల ఇండెక్స్ ఉంది. కౌలుదారు ఇందులో కనిపించడు, కానీ అప్పు ఇచ్చినవాడు కనిపిస్తాడు, ఇల్లు తాకట్టు పెట్టుకుని డబ్బు ఇచ్చిన దర్జీ, రొట్టెలవాడు, విధవరాలు అందరూ. సెంటు భూమి లేకపోయినా నాలుగు డబ్బులు వడ్డీకి తిప్పినవాళ్లు ఇక్కడ దొరకడం చాలామందికి తట్టదు.

కాగితం దొరికాక దాన్ని చదవడంలో ఒక చిన్న మాట ప్రాణం. పేరు తర్వాత ఫలానా పొలం 'ఆఫ్' అని ఉంటే ఆయన సొంతదారు, 'ఇన్' అని ఉంటే కౌలుకి ఉన్నవాడు, రాబర్ట్ బర్న్స్ బాప్టిజం ఎంట్రీలో నాన్న ఆలోవే అనే ఊరి 'ఇన్' విలియం. 'రైటర్' అని ఉంటే రచయిత కాదు, లాయరు. మర్చంట్ అంటే ఓడలున్న పెద్ద వ్యాపారి అవ్వచ్చు, మూట నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగేవాడూ అవ్వచ్చు.

ఆడవాళ్ల విషయంలో స్కాట్లాండ్ రికార్డులు ఎంత మేలో చెప్పాలి. పెళ్లయినా కాగితాల్లో పుట్టింటి ఇంటిపేరే రాసేవాళ్లు, సమాధి రాయి మీద కూడా అంతే. బర్న్స్ అమ్మ ఆ ఎంట్రీలో ఆగ్నెస్ బ్రౌన్‌గానే ఉంది, మన్రో అమ్మ మార్గరెట్ స్టార్క్‌గానే మనకి తెలుసు. కాబట్టి మన్రోల దారి మూసుకుపోతే స్టార్క్‌ల దారి తెరిచే ఉంటుంది, పెళ్లి ఒప్పందం దొరికితే రెండూ కలిసే చోటు అది. పిల్లల పేర్లు కూడా సాయం చేస్తాయి, మొదటి కొడుక్కి నాన్న వైపు తాత పేరు, రెండోవాడికి అమ్మ వైపు తాత పేరు పెట్టడం చాలా ఇళ్లలో ఆనవాయితీ, ఖచ్చితమైన రూలు మాత్రం కాదు. అమ్మ ఇంటిపేరునే కొడుక్కి పేరుగా పెట్టడం ఇంకో అలవాటు. థామస్ మన్రో 1814లో ఏర్‌షైర్ క్రెయిగీకి చెందిన జేన్ క్యాంప్‌బెల్‌ని పెళ్లి చేసుకున్నాడు, వాళ్ల రెండో కొడుకు పేరు క్యాంప్‌బెల్ మన్రో. ఆ క్యాంప్‌బెల్ మన్రో కొడుకే హ్యూ మన్రో, స్కాట్లాండ్‌లో మూడు వేల అడుగులు దాటిన కొండలన్నిటికీ 1891లో లిస్టు వేసింది ఆయనే, ఇప్పటికీ అక్కడ ఆ కొండలని మన్రోలు అనే పిలుస్తారు, వాటి లెక్క ఇప్పుడు 282. పత్తికొండలో పోయిన మనిషి మనవడి పేరు అక్కడి కొండలకి ఉందన్నది మనవాళ్లలో చాలామందికి తెలియదు, అందుకే ఇక్కడ చెప్తున్నాను.

చర్చి పుస్తకాలని చివర్లో పెట్టడానికి కారణం ఉంది, అందరూ అక్కడే మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. అన్నిటికన్నా పాతది పెర్త్‌షైర్ ఎర్రోల్‌ది, 1553. చాలా ఊళ్లలో అంతకన్నా చాలా ఆలస్యంగా మొదలయ్యాయి, మధ్యలో ఏళ్లకేళ్లు ఖాళీలు, 1733 తర్వాత చర్చి చీలిపోయి వేరే గుంపుల్లోకి వెళ్లినవాళ్ల పిల్లలు చాలామంది అందులో ఉండరు, 1783 నుంచి 1794 దాకా ఎంట్రీకి మూడు పెన్నీలు టాక్స్ పెట్టేసరికి బీదవాళ్లు రాయించుకోవడమే మానేశారు. ప్రభుత్వం తరఫున జనన మరణాలు రాయడం 1855 జనవరి 1న మొదలైంది, ఆ మొదటి ఏడాది సర్టిఫికెట్లలో ఉన్నంత సమాచారం తర్వాత ఏ ఏడాదీ లేదు, అంత రాయడం గుమాస్తాల వల్ల కాలేదు. మీ వెతుకులాటలో ఉన్న కుటుంబంలో ఎవరైనా 1855లో పుట్టినా పోయినా ముందు ఆ కాగితం తెప్పించుకోండి.

మన వైపు నుంచి వెతికేవాళ్లకి ఇంకో రెండు దారులు. స్కాట్లాండ్ బయట చనిపోయినవాళ్లకి అక్కడ డబ్బు ఉంటే ఆ టెస్టమెంట్ ఎడిన్‌బరో కమిసరీ కోర్టులో నమోదయ్యేది, మద్రాసులో మచిలీపట్నంలో పోయిన స్కాట్‌లని కూడా అక్కడే వెతకాలి. కంపెనీ సైన్యంలో చేరే కేడెట్లు 1789 నుంచి ఇచ్చిన అర్జీలు బాప్టిజం సర్టిఫికెట్లతో సహా లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి, మన్రో అంతకుముందే చేరాడు కాబట్టి ఆయనకి ఇది పనికిరాదు, ఆయన తర్వాత కడపకో బళ్లారికో వచ్చిన కుర్రాళ్లకి పనికొస్తుంది. పుట్టుకలు, పెళ్లిళ్లు, చావులు, జనాభా లెక్కలు, టెస్టమెంట్లు స్కాట్లాండ్స్ పీపుల్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఇంట్లో కూర్చుని చూడొచ్చు, ఇండెక్స్ వెతకడం ఫ్రీ, బొమ్మ చూడాలంటే చాలా వాటికి డబ్బు కట్టాలి. కోర్టు కట్టలు, డీడ్స్ చాలావరకు ఎడిన్‌బరోలో నేషనల్ రికార్డ్స్ ఆఫ్ స్కాట్లాండ్‌లో కూర్చుని చూడాల్సినవే, ఇన్‌కార్పొరేషన్ల పుస్తకాలు ఆయా పట్టణాల ఆర్కైవ్స్‌లో.

గ్లాస్గో దర్జీ మన్రోకీ ఫౌలిస్ కోటకీ మధ్య గీత గీయాలంటే వీటిలో ఏదో ఒక కాగితం కావాలి, తండ్రి ఊరు రాసిన అప్రెంటిస్ ఒప్పందమో, ఉత్తరాన ఒక పొలానికి గ్లాస్గో మనిషి వారసుడని తేల్చిన జ్యూరీ తీర్పో, అన్నదమ్ముల బాకీ తగాదానో. అలాంటిది చేతికి వచ్చేదాకా మన్రోల వంశవృక్షం ఎవరు గీసినా దర్జీ దగ్గర ఆపి, పైన ఖాళీ వదిలి, పక్కన స్టార్క్‌ల కొమ్మ గీయడం మొదలుపెట్టాలి.